పరాయి ఊళ్లో మన పని



స్నేహితులు రమ్మని పిలుస్తారు. వాళ్ల ఊరు వెళ్తాం. రెండు రోజులైతే ఫరవాలేదు. చుట్టాల్లా ఉండి వచ్చేస్తాం. కొన్ని వారాలు ఉండాల్సి వస్తే ఏం చెయ్యాలి? పొద్దున్నే లేచి ఎక్కడ కూర్చోవాలి? ఎవరికీ అడ్డం కాకుండా, ఎవరికీ బరువు కాకుండా ఎలా ఉండాలి? మన ఊళ్లోనే ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది. భాష రాని దేశంలో, ఎన్నడూ చూడని పల్లెటూళ్లో అయితే మరీ ఇబ్బంది.

ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం. మెక్సికోలో ఒక పల్లెటూళ్లో, స్నేహితుల ఇంట్లో నేను కొన్ని వారాలు ఉన్నాను. అక్కడ చూసినవి చాలా ఉన్నాయి. మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఒక్కటే. అది ముందే చెప్పేస్తాను. ఆ ఇంట్లో రోజూ జరిగే పనుల్లోంచి ఒక పని మీరు తీసుకోండి. ఒకే పని. రోజూ. అదే వేళకి. అలా చేస్తే ఆ ఇల్లు, ఆ వీధి, ఆ ఊరు మీకు వాటంతట అవే దగ్గరవుతాయి.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చెబుతాను. మెక్సికోకి దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. కొండలూ లోయలూ ఉన్న రాష్ట్రం. దాని రాజధాని పేరు కూడా వహాకాయే. ఆ నగరం సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకని అక్కడ మధ్యాహ్నం ఎండ మాడ్చేసినా తెల్లవారుజామున శాలువా కప్పుకోవాల్సిందే. నగరానికి తూర్పుగా వెళ్తే త్లకొలూలా లోయ వస్తుంది. మా స్నేహితుల ఊరు ఆ లోయలోనే ఉంది. అక్కడివాళ్లు సపోతెక్ జాతివాళ్లు. ఇంట్లో సపోతెక్ భాష మాట్లాడుకుంటారు. బయటివాళ్లతో స్పానిష్ మాట్లాడతారు. మెక్సికోకి 1858 నుంచి 1872 దాకా అధ్యక్షుడుగా ఉన్న బెనీతో హువారెస్ ఈ వహాకా కొండల్లో, ఒక సపోతెక్ ఇంట్లో పుట్టినవాడే.

ఆ లోయలో ఇంకో విశేషం ఉంది. అక్కడ మిత్లా అనే ఊరి దగ్గర ఒక గుహలో మొక్కజొన్న కండెలు దొరికాయి. అవి ఆరువేల ఏళ్లకి పైబడినవని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ గుహ ఉన్న ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు మనం కాల్చుకుని తినే మొక్కజొన్న పొత్తుకి మెక్సికోయే పుట్టిల్లు. మన మిరపకాయ వచ్చింది కూడా అటు నుంచే. మన గుమ్మాలకి కట్టుకునే బంతిపువ్వు కూడా అక్కడిదే.

సరే, ఇక పని దగ్గరికి వద్దాం.

ఆ ఊళ్లో రోజు ఎలా మొదలవుతుందో వినండి. ఇంకా చీకటిగానే ఉంటుంది. కోళ్లు కూస్తుంటాయి. ఎక్కడో ఒక మోటారు చప్పుడు మొదలవుతుంది. అది పిండిమర. ఆ మరని అక్కడ మొలీనో అంటారు. చప్పుడు వినగానే వీధిలో తలుపులు తెరుచుకుంటాయి. ఆడవాళ్లు, పిల్లలు బకెట్లు పట్టుకుని బయల్దేరతారు. ఆ బకెట్లలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్న గింజలుంటాయి. వాటిని నిస్తమాల్ అంటారు.

నిస్తమాల్ ఎలా చేస్తారో చెబుతాను. రాత్రి పెద్ద గిన్నెలో ఎండు మొక్కజొన్న గింజలు, నీళ్లు పోసి పొయ్యి మీద పెడతారు. అందులో కాస్త సున్నం కలుపుతారు. అవును, సున్నమే. కిలో గింజలకి సుమారు పది గ్రాములు. కాసేపు ఉడికాక దించేస్తారు. తెల్లవార్లూ ఆ నీళ్లలోనే నాననిస్తారు. పొద్దున్నే చేత్తో రుద్ది కడిగితే గింజ మీది పొట్టు ఊడి వచ్చేస్తుంది. అప్పుడు మరకి తీసుకెళ్లి, తడిగానే రుబ్బిస్తారు. మెత్తటి ముద్ద వస్తుంది. కొన్ని ఇళ్లలో ఆ ముద్దని మళ్లీ ఇంటి దగ్గర రాతి మీద నూరుతారు. తర్వాత దాన్ని గుండ్రంగా ఒత్తి, పెద్ద పెనం మీద కాలుస్తారు. అదే తొర్తీయా. పొద్దుటి తిండికీ, మధ్యాహ్నం భోజనానికీ, రాత్రికీ అదే ఆధారం.

ఆ చిటికెడు సున్నంలో ఎంత జ్ఞానం ఉందో చూడండి. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది. కానీ అది మన ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నంతో ఉడికిస్తే అది విడుదలై ఒంటికి పడుతుంది. కాల్షియం కూడా చేరుతుంది. మొక్కజొన్న మెక్సికో దాటి ఐరోపాకి వెళ్లింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదల తిండి అయింది. గింజ అయితే వెళ్లింది కానీ, దానితోపాటు ఈ సున్నం పద్ధతి వెళ్లలేదు. అందుకని మొక్కజొన్నే తిని బతికే పేదవాళ్లకి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మం పగిలిపోయేది. మతి చలించేది. వేలమంది చనిపోయారు. మన దక్కనులో జొన్నలే తిండిగా బతికే పేదవాళ్లలో కూడా ఈ జబ్బు కనిపించేది. హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960ల్లో దాని మీద పరిశోధన చేసింది. మెక్సికో పల్లెల్లో ఇల్లాళ్లు మాత్రం వేల ఏళ్లుగా తమవాళ్లని ఆ జబ్బు నుంచి కాపాడుకుంటూ వచ్చారు. ఆ బకెట్ తేలిక వస్తువేమీ కాదని చెప్పడానికే ఇదంతా.

మా స్నేహితురాలి తల్లి పెద్దావిడ. రోజూ ఆ బకెట్ మోసుకుని మరకి వెళ్లేది ఆవిడే. నేను అడిగాను. “అమ్మా, రేపటినుంచి ఈ బకెట్ నేను తీసుకెళ్తాను” అన్నాను. ఆవిడ మొదట వద్దంది. అతిథితో పని చేయించడం అక్కడ కూడా మర్యాద కాదు. నా స్నేహితురాలు నచ్చజెప్పింది. మర్నాడు ఆవిడ కూడా నాతో వచ్చి, దారి చూపించి, మర దగ్గర నన్ను అందరికీ పరిచయం చేసింది. ఆ తర్వాత నుంచి ఆ పని నాదే.

అదిగో, అక్కడ అంతా మారింది. ఎలా మారిందో ఒక్కొక్కటీ చెబుతాను.

మొదటిది పలకరింపు. ఆ పల్లెల్లో ఎదురుపడ్డ ప్రతి మనిషినీ పలకరించాలి. పొద్దున్న బ్వేనోస్ దియాస్ అనాలి. మధ్యాహ్నం దాటితే బ్వేనాస్ తార్దెస్. చీకటి పడితే బ్వేనాస్ నోచెస్. తెలిసినవాళ్లనే పలకరిస్తాం అంటే కుదరదు. కొట్లోకి అడుగు పెట్టినా, నలుగురు కూర్చున్న బండి ఎక్కినా ముందు ఆ మాట అనాలి. తర్వాతే మిగతా సంగతి. ఎవరైనా భోంచేస్తుంటే పక్కనుంచి వెళ్లేటప్పుడు ప్రొవేచో అనాలి. హాయిగా తినండని దాని భావం. పెద్దవాళ్లని, మనం “మీరు” అన్నట్టుగా, ఉస్తెద్ అని పిలవాలి. పుస్తకంలో చదివితే ఇవి గుర్తుండవు. రోజూ బకెట్ పట్టుకుని ఆ వీధిలో నడిస్తే రెండు మూడు రోజుల్లో నాలుక మీదికి వచ్చేస్తాయి. మర దగ్గర వరసలో నిలబడాలి. వరసలో నిలబడితే మాటలు వస్తాయి. అంకెలు వస్తాయి. ఎవరింట్లో పెళ్లో, ఎవరి ఆవు ఈనిందో తెలుస్తుంది. చూడండి, పని ఒక్కటే. దానితో భాష వచ్చింది.

రెండోది వేళ. అక్కడ భోజనాల వేళలు మనకన్నా వేరు. లేవగానే కాఫీయో, చాక్లెట్ పానీయమో తాగి, దానిలో ఒక తియ్యటి రొట్టె ముంచుకుని తింటారు. వహాకాలో చాక్లెట్‌ని ఎక్కువగా నీళ్లతోనే కాస్తారు. తొమ్మిది, పది గంటలకి గట్టిగా తింటారు. అసలు భోజనం మధ్యాహ్నం రెండు దాటాక, ఒక్కోసారి నాలుగింటికి. రాత్రి తేలిగ్గా తింటారు. వెళ్లిన కొత్తలో మన కడుపు ఈ వేళల్ని ఒప్పుకోదు. పొద్దున్నే మరకి వెళ్లే పని ఉంటే మాత్రం తొందరగా సర్దుకుంటుంది. పొద్దున్న లేచే వేళ కుదిరితే, తినే వేళ కుదురుతుంది. తినే వేళ కుదిరితే నిద్ర కుదురుతుంది. పని ఒక్కటే. దానితో రోజు కుదురుకుంది.

మూడోది వంటిల్లు. చాలా ఇళ్లలో వంటింట్లోకి కొత్తవాళ్లని రానివ్వరు. రమ్మన్నా మొహమాటంగా ఉంటుంది. రుబ్బిన ముద్ద తెచ్చి పొయ్యి దగ్గర పెట్టే మనిషిని మాత్రం కూర్చోమంటారు. అలా కూర్చుంటే ఆ ఇంట్లో ఏం వండుతారో తెలుస్తుంది. మన గంగవాయిల కూర అక్కడ కనిపించింది. పచ్చి టమాటాల్లాంటి కాయలతో పుల్లగా వండుతారు. మన తోటకూర జాతి ఆకుకూరలు కూడా వండుతారు. బెంగుళూరు వంకాయ అక్కడ పెరటి తీగకి కాస్తుంది. ఎర్ర గోంగూర జాతి మొక్క ఉంది చూశారూ, దాని కాయ చుట్టూ ఎర్రగా, దళసరిగా రెక్కలుంటాయి. వాటిని ఎండబెట్టి, నీళ్లలో మరిగించి, పంచదార వేసి చల్లగా తాగుతారు. చింతపండు పానకం కూడా మామూలే. తెలుగువాళ్ల నోటికి ఆ పులుపు ఎంత హాయిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

శాకాహారులకి ఇక్కడ ఒక మాట. మెక్సికో పల్లెల్లో చిక్కుడుగింజల కూరలో కూడా పందికొవ్వు వేసి వండడం మామూలు. తమాలే అని ఆవిరి మీద ఉడికించే వంటకం ఉంది. దాని పిండిలో కూడా ఆ కొవ్వు కలుపుతారు. అన్నాన్ని కోడి మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. మాంసం ముక్క కనిపించలేదు కదా అని అనుకోకూడదు. బయల్దేరక ముందే మీ స్నేహితులకి ఆ సంగతి వివరంగా చెప్పండి. పళ్లెం ముందు పెట్టాక చెబితే వండినావిడ మనసు కష్టపడుతుంది. వంటింట్లో చోటు దొరికితే ఇంకా సులువు. మీకు విడిగా నూనెతో నాలుగు గింజలు వేయించి పెట్టడానికి ఎవరికీ కష్టం అనిపించదు. పని ఒక్కటే. దానితో వంటింట్లో చోటు దొరికింది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. కొళాయి నీళ్లు అక్కడ తాగరు. తాగడానికి ఇరవై లీటర్ల పెద్ద సీసాలు కొనుక్కుంటారు. వాడుక నీళ్లు ఇంటి మీది ట్యాంకులోనూ, పెరట్లో సిమెంటు తొట్టిలోనూ నిలవ చేసుకుంటారు. నీళ్లు రోజూ రావు. తొట్టిలోంచి చెంబుతో ముంచుకుని స్నానం చెయ్యడం మనకి కొత్తేమీ కాదు. నీళ్లు ఎంత వాడాలో ఇంటివాళ్లని చూసి నేర్చుకోవాలి. మరకి వెళ్లే మనిషికి మొక్కజొన్న కడిగే నీళ్ల విలువ తెలుస్తుంది. ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీకో ప్రశ్న రావచ్చు. ఇంత అవసరమా? వెళ్లేటప్పుడు మంచి బహుమతి పట్టుకెళ్లి, ఇంటి ఖర్చుకి కాస్త డబ్బు ఇస్తే సరిపోదా? బహుమతి ఇవ్వండి. ఖర్చూ పంచుకోండి. కానీ ఆ ఊళ్లలో మనిషి లెక్క డబ్బుతో తేలదు. పనితో తేలుతుంది. ఎందుకో చెబుతాను.

వహాకా పల్లెల్లో గెలగెత్సా అనే ఆచారం ఉంది. జులైలో వహాకా నగరంలో ఇదే పేరుతో పెద్ద నృత్యోత్సవం జరుగుతుంది. నేను చెప్పేది దానికి మూలమైన పల్లె ఆచారం. ఒక ఇంట్లో పెళ్లి ఉందనుకోండి. చుట్టుపక్కలవాళ్లు కోళ్లు తెస్తారు. మొక్కజొన్న తెస్తారు. తొర్తీయాలు కాల్చడానికి ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఎవరు ఏం తెచ్చారో పుస్తకంలో రాసుకుంటారు. తెచ్చినవాళ్లింట్లో పెళ్లయినప్పుడు అంతకి అంత తిరిగి ఇవ్వాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకునే పుస్తకం లాంటిదే అది. ఆ పుస్తకం బాకీల లెక్క చెబుతుంది. దానితోపాటు ఎవరు ఎవరికి కావలసినవాళ్లో కూడా చెబుతుంది.

ఇంకొకటి ఉంది. దాని పేరు తెకియో. ఊరందరికీ ఉపయోగపడే పనిని అందరూ కలిసి, కూలి లేకుండా చెయ్యడం. దారి బాగుచెయ్యడం, కాలవ పూడిక తియ్యడం, బడికి గోడ కట్టడం, ఇలాంటివి. రమ్మని ఊళ్లో కబురు పెడతారు. ఇంటికొకరు వెళ్లాలి. ఊరి పదవులు కూడా అంతే. వహాకా రాష్ట్రంలో 570 మునిసిపాలిటీలు ఉన్నాయి. వాటిలో నాలుగు వందలకి పైగా తమ పెద్దల్ని పార్టీలతో పని లేకుండా, ఊరి సభలో, సంప్రదాయ పద్ధతిలో ఎన్నుకుంటాయి. ఆ పద్ధతిని 1995లో రాష్ట్ర చట్టం గుర్తించింది. చాలా ఊళ్లలో ఎన్నికైనవాడు జీతం లేకుండా ఊరికి చాకిరీ చేస్తాడు. చేసిన చాకిరీని బట్టే ఊళ్లో అతనికి గౌరవం.

అలాంటి ఊళ్లో ఊరికే కూర్చున్న మనిషిని ఎవరూ తిట్టరు. చక్కగా కూర్చోబెట్టి భోజనం పెడతారు. కానీ ఆ మనిషి ఎవరో వాళ్లకి తెలియదు. పని చేసే మనిషి ఎవరో అందరికీ తెలుస్తుంది. “పొద్దున్న మరకి వస్తుందే, ఆ అమ్మాయి” అంటారు. ఊళ్లో మనకొక గుర్తు ఏర్పడుతుంది.

మన దేశంవాడే ఒకాయన ఇది వందేళ్ల కిందటే చేసి చూపించాడు. ఆయన పేరు పాండురంగ ఖాన్‌ఖోజే. మహారాష్ట్రలో పుట్టాడు. బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ విప్లవకారుడు. బ్రిటిష్ ప్రభుత్వం వెంటపడితే దేశాలు తిరిగి, 1920ల్లో మెక్సికో చేరాడు. చాపింగోలోని జాతీయ వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. పేద రైతుల కోసం ఉచిత వ్యవసాయ బడులు నడిపాడు. మొక్కజొన్న వంగడాల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. మెక్సికో మహాచిత్రకారుడు దియేగో రివేరా తన గోడచిత్రంలో ఆయన బొమ్మ వేశాడు. జనంతో కూర్చుని రొట్టె పంచుతున్నట్టుగా వేశాడు. మెక్సికో నగరంలోని విద్యామంత్రిత్వ భవనంలో ఆ చిత్రం ఇప్పటికీ ఉంది. ఆయన శరణార్థిగా వెళ్లాడు. అక్కడి జనానికి బాగా అవసరమైన పని చేశాడు. ఆ పనితోనే వాళ్లలో ఒకడయ్యాడు.

మనం అంత పెద్ద పని చెయ్యక్కర్లేదు. బకెట్ మోసినా చాలు. కాకపోతే ఆ పని ఎంచుకోవడంలో కొంచెం జాగ్రత్త కావాలి. అది కూడా చెబుతాను.

పని చిన్నదిగా ఉండాలి. మీకు ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు సులువుగా అందుకునేలా ఉండాలి. రోజూ ఉండే పని కావాలి. వారానికొకసారి చేసే పనితో ఎవరికీ దగ్గర కాలేం. మొదటి రెండు రోజులు ఊరికే గమనించండి. ఏ పని ఎవరు చేస్తున్నారో, ఎవరికి ఏది కష్టంగా ఉందో చూడండి. తర్వాత అడగండి. అడక్కుండా చెయ్యి వెయ్యకండి. ఇంటి పెద్దావిడకి కొన్ని పనులంటే ప్రాణం. పెనం మీద తొర్తీయా తిప్పడం అలాంటి పని. అది ఆవిడదే. దాని జోలికి వెళ్లకండి. కట్టెలు తేవడం, కోళ్లకి గింజలు వెయ్యడం, వాకిలి ఊడవడం, పిల్లల్ని బడి దాకా దిగబెట్టడం, ఆదివారం త్లకొలూలా సంతకి సంచీ మోసుకెళ్లడం, ఇవన్నీ తీసుకోదగ్గ పనులే. వీటిలో రోజువారీది ఒకటి మీ పేరున పెట్టుకోండి. మిగిలినవాటికి ఎప్పుడు కుదిరితే అప్పుడు ఓ చెయ్యి వెయ్యండి.

ఒకసారి తీసుకున్నాక మానకండి. ఇదే అసలైన సంగతి. ఒక రోజు చేసి మర్నాడు మానేస్తే, ఇంటివాళ్లకి మీకోసం ఎదురుచూడాలో వద్దో తెలియదు. దానికన్నా చెయ్యకపోవడమే మేలు. మీరు లేవలేని రోజు ఉంటే ముందు రాత్రే చెప్పండి. బయల్దేరే ముందు ఆ పనిని మళ్లీ ఎవరు చేస్తారో కనుక్కుని, వాళ్ల చేతికి అప్పగించి రండి.

ఇప్పుడు మన తెలుగువాళ్లు ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. పిల్లలు చదువుకి వెళ్తున్నారు. తల్లిదండ్రులు కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లి నెలల తరబడి ఉంటున్నారు. మెక్సికో పల్లెకి మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఈ మాట మీకు పనికొస్తుంది. అమెరికాలో కూతురి ఇంట్లో ఉన్న అమ్మకీ, హైదరాబాదులో స్నేహితుడి గదిలో ఉన్న కుర్రాడికీ కూడా ఇది వర్తిస్తుంది. పెద్దవాళ్లని ఇంటికి పిలిచేవాళ్లకి కూడా నాదొక విన్నపం. “నువ్వేం చెయ్యకమ్మా, కూర్చో” అనకండి. ఆవిడకి నచ్చిన, ఆవిడ ఓపికకి తగ్గ పని ఒకటి ఆవిడ పేరున ఉంచండి. అప్పుడే ఆ ఇల్లు ఆవిడకీ తన ఇల్లు అవుతుంది.

మరోసారి చెబుతాను. ఒకే పని. రోజూ. అదే వేళకి. ఈసారి ఎవరింటికైనా కొన్నాళ్లు ఉండడానికి వెళ్తే, పెట్టె సర్దుకుని కూర్చోకండి. మొదటి వారంలోనే ఇంటివాళ్లని అడగండి. “రోజూ నేను చెయ్యాల్సిన పని ఒకటి చెప్పండి” అనండి. వాళ్లు వద్దంటారు. మళ్లీ అడగండి.